టీమ్ ఇయర్‌బుక్‌లో బెంచి మీద కూర్చున్న అమ్మాయికి కూడా ఒక పేజీ ఉండాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

మా ఇంట్లో మీ పేపర్ రాగానే స్పోర్ట్స్ పేజీ ముందు మా అమ్మాయి చేతిలో ఉంటుంది. హైస్కూల్ వాలీబాల్ టీమ్‌లో ఆడుతుంది. స్కూల్ మ్యాచ్‌ల వార్త ఏదైనా వస్తే కత్తిరించి నోట్‌బుక్‌లో అంటించుకుంటుంది, కానీ ఆ వార్తలో ఉండేది ఎంతండీ, ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు, కప్పు ఎవరిచ్చారు, అంతే కదా. పేపర్లో జాగా తక్కువని నాకూ తెలుసు, అందుకు తప్పు పట్టట్లేదు. మరి మిగిలిందంతా ఎక్కడ రాసిపెట్టుకోవాలి అన్నదాని గురించే ఈ ఉత్తరం. పోయిన సీజన్‌లో మా టీమ్ ఇయర్‌బుక్ పని నేను వాలంటీర్‌గా తీసుకున్నా, చేస్తూ చేస్తూ తెలుసుకున్నవి ఇంకో తల్లికో తండ్రికో పనికొస్తాయని రాస్తున్నా. కొంచెం పొడుగైంది, వీలైనంత వేయండి.

సీజన్ మొదట్లో పేరెంట్స్ మీటింగ్‌లో కోచ్ గారు "ఈసారి పిల్లలకి గుర్తుగా ఒక పుస్తకం చేద్దాం, ఎవరైనా చూసుకుంటారా" అని అడిగారు, హాల్లో ఎవరూ మాట్లాడలేదు, నేను చెయ్యెత్తా. ఇయర్‌బుక్ అంటే సీజన్ అయిపోయాక అందరి ఫోటోలు తీసుకుని పేజీల్లో సర్దేసి ప్రింటింగ్‌కి ఇచ్చే పనే కదా, నెల రోజులు చాలు అనుకున్నా. అది పూర్తిగా తప్పు. ఈ పని మొదటి ప్రాక్టీస్ రోజే మొదలుపెట్టాలి, ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకున్నా చాలు, మిగతావన్నీ చేస్తూ నేర్చుకోవచ్చు.

ఎందుకంటారా, సీజన్ సగం గడిచాక ఒకరోజు రాత్రి కూర్చుని మా గ్రూప్‌లో వచ్చిన ఫోటోలన్నీ ఒక ఫోల్డర్‌లో వేసి, ఎవరివి ఎన్ని ఉన్నాయో లెక్క రాశా. టీమ్‌లో 14 మంది. ఒకమ్మాయికి నలభై పైన ఉన్నాయి. ముగ్గురికి రెండేసి మూడేసి ఉన్నాయి, అవి కూడా గ్రూప్ ఫోటోల్లో వెనక వరసలో సగం మొహం కనపడేవి. ఎవరూ కావాలని చేసింది కాదు, ఎవరి పిల్లని వాళ్లు తీసుకుంటారు, రాలేని తల్లిదండ్రుల పిల్లలకి తీసేవాళ్లుండరు. ఆట కూడా అలాంటిదే. నెట్ దగ్గర గాల్లోకి ఎగిరి స్మాష్ కొట్టే పిల్ల ఎటునుంచి తీసినా బాగా పడుతుంది, బాల్ ఎత్తిపెట్టే సెట్టర్ వీపే కనపడుతుంది. లిబెరో, అంటే వెనక ఉండి బాల్ నేల మీద పడకుండా కాపాడే పిల్ల, అయితే మరీ, ఆ అమ్మాయి బ్లాక్ చెయ్యకూడదు, అంటే నెట్ దగ్గర చేతులెత్తి అవతలి దెబ్బ ఆపకూడదు, నెట్ కంటే ఎత్తులో ఉన్న బాల్‌ని అవతలికి కొట్టకూడదు, మ్యాచంతా వెనకే నేల మీద పడి లేస్తూ ఉంటుంది, కెమెరాలన్నీ నెట్ వైపే చూస్తుంటాయి. ఇక కోర్టులో ఆరుగురే కదా, మిగిలినవాళ్లు బెంచి మీద. మ్యాచ్‌కి ఇచ్చే లిస్టులో మాకు 12 పేర్లే, ఇద్దరు ఆ లిస్టులో కూడా లేకుండా ప్రతి మ్యాచ్‌కి వచ్చి బాటిళ్లు అందిస్తూ కూర్చునేవాళ్లు. ఆ ఇద్దరికీ ఫోటోలు లేవు. రోజూ ప్రాక్టీస్‌కి వచ్చారు, అందరితో సమానంగా మోకాళ్లు గీసుకున్నారు, పుస్తకం వచ్చాక పదేళ్లకి తెరిచి చూసుకుంటే వాళ్లు ఆ టీమ్‌లో ఉన్నట్టే ఉండదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదండీ నిజంగా.

మర్నాడు ఒక కాగితం మీద 14 పేర్లూ రాసి వంటింట్లో గోడకి అంటించా. ప్రతి మ్యాచ్‌కి ముందు ఎవరికి తక్కువ ఉన్నాయో చూసుకుని ఇద్దరి పేర్లు అనుకునేదాన్ని, ఆ రోజు నా కళ్లు ఆ ఇద్దరి మీదే, స్కోర్ ఏమైనా సరే. మా అమ్మాయి ఫోటోలు ఇంకో ఆంటీ తీసేవారు, ఆవిడ పాపవి నేను తీసేదాన్ని, అలా ఒప్పందం చేసుకున్నాం. ఇది చాలా మంచి పద్ధతి, సొంత పిల్ల మీద ఉండే ధ్యాస పక్కన పెడితే ఆట మొత్తం కనపడుతుంది.

ఫోటోల గురించి ఇంకో రెండు మూడు చెప్తా. ఇండోర్ కోర్టుల్లో లైట్ మన కంటికి సరిపోయినట్టే ఉంటుంది, ఫోన్‌కి సరిపోదు, అది సొంతంగా షట్టర్ నెమ్మది చేసేసుకుంటుంది, అంటే కెమెరా కన్ను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, చేతులన్నీ పొగలాగ వస్తాయి. సెట్టింగ్ మార్చుకునే వీలుంటే షట్టర్ కనీసం సెకనులో 500వ వంతు పెట్టాలి, స్మాష్‌కి అయితే 1000వ వంతు ఇంకా మేలు. ఫోటో కొంచెం గరుకుగా వచ్చినా ఫర్వాలేదు, కదిలిపోయిన ఫోటోని మాత్రం తర్వాత ఎవరూ బాగుచెయ్యలేరు. ఫ్లాష్ అసలు వద్దు, బాల్ కోసం పైకి చూసే పిల్ల కళ్లల్లో పడుతుంది. కోర్టు చుట్టూ పిల్లలు పరిగెత్తే ఖాళీ జాగా ఉంటుంది, అందులోకి పోకుండా బయట మూలన నేల మీద కూర్చుని తీస్తే ఎగిరే పిల్ల ఇంకా ఎత్తుగా ఎగిరినట్టు వస్తుంది. అన్నిటికంటే మంచి ఫోటోలు నాకు పాయింట్ అయిపోయిన తర్వాతి మూడు సెకన్లలో దొరికాయి. అందరూ పాయింట్ అవ్వగానే ఫోన్ దించేస్తారు, అప్పుడే కదా పిల్లలు ఒకళ్ల నెత్తిన ఒకళ్లు పడేది, తప్పు చేసిన పిల్ల వీపు మీద ఇంకో పిల్ల చెయ్యి వేసేది.

వాట్సాప్ సంగతి మర్చిపోకుండా చెప్పాలి. అందరూ గ్రూప్‌లో పెట్టిన ఫోటోలు ఫోన్లో చూస్తే అద్దంలా ఉన్నాయి, ప్రింట్‌కి ఇచ్చేచోట పనికిరావన్నారు. మామూలుగా పంపితే అది ఫోటోని బాగా కుదించేస్తుంది, పొడుగు వైపు సుమారు 1600 పిక్సెళ్లకి వచ్చేస్తుంది. ఏ4 పేజీ నిండా వెయ్యాలంటే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 2480 బై 3508 పిక్సెళ్లు కావాలి, అంటే ఆ ఫోటో సగం పేజీ కూడా సరిగ్గా నింపదు. అదే ఫోటోని డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది, లేదా ఒక షేర్డ్ డ్రైవ్ ఫోల్డర్ పెట్టి అందులో వెయ్యమనాలి. ఇది మొదటి రోజే అందరికీ చెప్పి ఉంటే ఎన్ని మంచి ఫోటోలు మిగిలేవో, నేను చెప్పేసరికి చాలామంది ఫోన్లలో ఒరిజినల్స్ డిలీట్ అయిపోయాయి.

ఫోటో దొరకని చోట నన్ను కాపాడింది స్కోర్‌షీట్. స్కోరర్ రాసే ఆ కాగితం మ్యాచ్ అయ్యాక ఎవరికీ పట్టదు, కానీ వాలీబాల్ స్కోర్‌షీట్ సరిగ్గా రాసి ఉంటే అందులో ఎవరి సర్వీస్ ఎప్పుడు మొదలైంది, ఆ సర్వీస్ పోయేసరికి స్కోర్ ఎంత, ఏ స్కోర్ దగ్గర ఎవరి బదులు ఎవరు దిగారు, టైమ్ అవుట్ ఎప్పుడు అడిగారు అన్నీ ఉంటాయి. కోచ్ గారిని అడిగి ప్రతి మ్యాచ్‌ది ఫోటో తీసుకునేదాన్ని. ఒకరోజు అవి చూసుకుంటూ ఉంటే ఒక సెట్‌లో మేము 19-22తో వెనకబడి ఉన్నప్పుడు మామూలుగా బెంచి మీద ఉండే అమ్మాయి సర్వీస్‌కి దిగినట్టు ఉంది, తన సర్వీస్ పోయేసరికి స్కోర్ 24-23. అంటే వరసగా ఐదు పాయింట్లు ఆ పిల్ల సర్వీస్ మీదే వచ్చాయి! సెట్ 25-23తో మాది. అక్కడ మేమందరం ఉన్నాం, అరుస్తూనే ఉన్నాం, ఒక్కరం కూడా ఫోటో తియ్యలేదు, నెల తిరిగేసరికి ఆ చివరి పాయింట్ కొట్టిన అమ్మాయే గుర్తుంది అందరికీ. నేను ఆ స్కోర్‌షీట్ ముక్కనే పెద్దది చేసి పేజీ నిండా వేశా, ఆ ఐదు పాయింట్లు ఎలా వచ్చాయో తనతోనే రాయించా. వాళ్ల నాన్నగారు ఆ పేజీ చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, ఆయన డ్యూటీ వల్ల ఒక్క మ్యాచ్‌కీ రాలేకపోయారట.

రాయించడం గురించి కూడా. పిల్లల్ని "టీమ్‌లో ఆడటం ఎలా అనిపించింది" అని అడిగితే 14 మందీ "చాలా హ్యాపీగా ఉంది ఆంటీ" అనే చెప్తారు, పుస్తకంలో 14 సార్లు అదే మాట ఉంటుంది. అలా కాకుండా "ఏ ఒక్క పాయింట్ నీకు ఇప్పటికీ కల్లోకి వస్తోంది" అని అడిగా. "ఎవరి గొంతు కోర్టులో ముందు వినపడేది" అని అడిగా. "బెంచి మీద నుంచి చూస్తే మనవాళ్లలో ఏం కనపడేది" అని అడిగా, ఈ మూడోదానికి వచ్చినంత మంచి జవాబులు దేనికీ రాలేదు, ఒక పిల్ల "మన సెట్టర్ అలిసిపోతే ఎడమ సాక్స్ పైకి లాక్కుంటుంది ఆంటీ, అప్పుడు నేను లేచి వార్మప్ మొదలుపెట్టేదాన్ని" అంది. ఈ మాట కోచ్ గారికి కూడా తెలియదు. అక్షరం మార్చకుండా వేశా. పిల్లల మాటల్ని మనం దిద్ది వ్యాసంలా చెయ్యకూడదు, స్పెల్లింగ్ సరిచేస్తే చాలు.

ఓడిపోయిన మ్యాచ్‌లు వెయ్యాలా వద్దా అన్నదాని మీద మాకు కొంచెం పట్టింపు వచ్చింది. కోచ్ గారు మంచి మనిషి, పిల్లలు బాధపడతారని గెలిచినవే వేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. సెమీస్‌లో ఐదో సెట్ దాకా వెళ్లి 13-15తో పోయింది మాకు, ఆ రోజు బస్సులో ఎవరూ మాట్లాడలేదు, దిగేముందు కెప్టెన్ లేచి అందరికీ ఒక్కొక్కరికీ థాంక్స్ చెప్పింది. ఆ రోజు లేని పుస్తకం మా టీమ్ పుస్తకం ఎలా అవుతుందండీ? చివరికి పిల్లల్నే అడుగుదాం అన్నారు కోచ్ గారు, పిల్లలు ఒక్క క్షణం ఆలోచించకుండా వెయ్యమన్నారు, అన్ని మ్యాచ్‌ల స్కోర్లూ వేశాం.

చీలమండ బెణికి సీజన్ మధ్యలో ఆగిపోయిన అమ్మాయి ఒకతె ఉంది. తనది ఏ లెక్కలో వెయ్యాలి అని ఒకరడిగారు, నాకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. అందరికీ ఎన్ని పేజీలో తనకీ అన్నే. ఒక్కో ప్లేయర్‌కి ఒక పేజీ, అందరి పేజీ సైజూ ఒకటే, ఫోటో సైజూ ఒకటే, పేర్లు అక్షరాల వరసలో, కెప్టెన్‌తో సహా. ఇది ముందే తేల్చేసి కాగితం మీద రాసి అందరికీ పంపాలి, లేకపోతే చివర్లో మా పాపది పెద్దగా వెయ్యండి అనే ఫోన్లు మొదలవుతాయి, మొహమాటానికి ఒకరికి ఒప్పుకుంటే ఇక ఆగదు.

పర్మిషన్ విషయం చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, తీసుకోకూడదు. వీళ్లు మైనర్ పిల్లలు. ఫోటో వెయ్యడానికి ప్రతి ఇంటి నుంచీ సంతకంతో కాగితం తీసుకున్నాం, అందులో పుస్తకం ఎవరెవరికి వెళ్తుందో కూడా రాశాం. ఫోన్ నంబర్లు, అడ్రస్‌లు, పుట్టినరోజులు పుస్తకంలో వెయ్యలేదు, పీడీఎఫ్‌ని బయట ఎక్కడా పెట్టలేదు. ఒక ఇంట్లో ఫోటో వద్దన్నారు. ఎందుకు అని అడగలేదు, అది వాళ్లిష్టం. కానీ ఆ పిల్ల పేజీ ఖాళీగా ఉండకూడదు కదా, "నీ పేజీలో ఏం వెయ్యమంటావు చెప్పమ్మా" అంటే కాసేపు ఆలోచించి టేప్ చుట్టుకున్న తన వేళ్లు, కింద బాల్, అంతే వెయ్యమంది. వాళ్లమ్మగారు కూడా సరే అన్నారు. పుస్తకం మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పేజీ అదే.

ఇక డిజైన్, ప్రింటింగ్. పేజీలు పేర్చడం నాకు రాదు, టీమ్‌లో ఒకమ్మాయి వాళ్ల అన్నయ్య ఆఫీసు పని అయ్యాక రాత్రిళ్లు కూర్చుని చేసిపెట్టాడు. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకమైతే పేజీలు 4తో భాగించబడాలి, 32 లేదా 36, మేము 34 పేజీలు చేసుకుని వెళ్లి మళ్లీ రెండు పెంచాల్సి వచ్చింది. చివరిదాకా ఫోటో వేసే పేజీలో ఫోటో అంచులు దాటి 3 మిల్లీమీటర్లు అదనంగా ఉండాలి, ఆ అదనపు భాగం కత్తిరించేస్తారు. రెండు పేజీలకి కలిపి పరిచే పెద్ద ఫోటోలో ఎవరి మొహమూ సరిగ్గా మడత మీదకి రాకుండా చూసుకోవాలి. స్క్రీన్ మీద మెరిసిపోయే మా నీలం జెర్సీ కాగితం మీద కొంచెం మబ్బుగా, ఊదా కలిసినట్టుగా వచ్చింది, స్క్రీన్ రంగులు వేరు ప్రింట్ రంగులు వేరు, అందుకే మొత్తం కాపీలు కొట్టకముందు ఒక్క కాపీ తీయించి పగటి వెలుతురులో చూడాలి. కాపీలు కొన్నే కాబట్టి డిజిటల్ ప్రింట్ మేలు, ఆఫ్‌సెట్ (ఎక్కువ కాపీలకి వాడే పద్ధతి) అయితే ప్లేట్లకే ఖర్చయిపోతుంది.

ఆ ఒక్క కాపీ తీయించకపోతే ఎంత ఘోరం జరిగేదో చెప్తా. కవర్ మీద వేసే టీమ్ ఫోటోలో అంచున మా లిబెరో నిలబడింది. లిబెరో జెర్సీ మిగతా టీమ్ రంగులో ఉండదు, అది రూల్, రెఫరీకి దూరం నుంచే తేడా తెలియాలి. ప్రింట్ చేసేచోట పేజీకి సరిపడా ఫోటో కత్తిరిస్తూ ఎవరో ఆ రంగు చూసి ఈ అమ్మాయి వేరే టీమ్ అనుకుని తీసేశారు! సీజన్ అంతా మా కోసం నేల మీద పడ్డ పిల్ల, కవర్ ఫోటోలో లేదు. వాళ్ల మీద నాకు కోపం లేదు, ఆట తెలియని మనిషికి అలాగే అనిపిస్తుంది. కానీ ప్రూఫ్, అంటే అచ్చుకి ముందు సరిచూసే కాపీ, చూసేటప్పుడు అక్షరాలు మాత్రమే కాదు, ప్రతి ఫోటోలో తలకాయలు కూడా లెక్కపెట్టాలి అని ఆ రోజు తెలిసింది. అక్షరాలంటే గుర్తొచ్చింది, తెలుగు కూడా ఒకసారి జాగ్రత్తగా చూసుకోవాలి, మనం ఫోన్లో టైప్ చేసేది యూనికోడ్, అంటే అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ ఒకేలా చదివే పద్ధతి, డీటీపీ చేసేచోట, అంటే కంప్యూటర్లో పేజీలు కట్టేచోట, కొన్నిసార్లు పాత ఫాంట్లు వాడతారు, అందులోకి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, మా మొదటి ప్రూఫ్‌లో ప్రాక్టీస్ కాస్తా పాక్టీస్ అయింది. పేర్లు అయితే ఇంకా జాగ్రత్త, ఎవరి పేరు వాళ్లతోనే చేత్తో రాయించుకుని, ప్రూఫ్ మీద వాళ్లతోనే టిక్ పెట్టించుకున్నా.

డబ్బుల దగ్గర ఒకటే చెప్తా. యాడ్స్ వేసుకుంటే ఖర్చు గిట్టుబాటవుతుందని సలహాలొచ్చాయి, పిల్లల పేజీల్లో యాడ్ వెయ్యడానికి నాకు మనసొప్పలేదు, వెనక అట్ట లోపలి వైపు సాయం చేసినవాళ్ల పేర్లు మాత్రం వేశాం. ఇవ్వగలిగిన ఇళ్ల నుంచి తీసుకున్నాం, ఎవరెంత ఇచ్చారన్నది నాకూ కోచ్ గారికీ తప్ప ఎవరికీ తెలియదు, 14 మందికీ కాపీ ఒకేసారి ఒకేలా చేతికిచ్చాం. స్కోరర్‌కీ, మ్యాచ్‌లకి తీసుకెళ్లిన డ్రైవర్ గారికీ, నెట్ కట్టి విప్పే అటెండర్ గారికీ కూడా ఇచ్చాం.

ఇదంతా ఒక్కరు చెయ్యలేరు. నలుగురుంటే ఇబ్బంది ఉండదు, ఒకరు ఫోటోలు, ఒకరు పిల్లలతో మాట్లాడి రాసుకోవడం, ఒకరు పేజీలు, ఒకరు ప్రూఫ్ మాత్రమే, ఈ నాలుగోవాళ్లు మిగతా ముగ్గురి పనిలో వేలు పెట్టకుండా కొత్త కళ్లతో చూడాలి. స్కూళ్లు చెయ్యాల్సింది కూడా పెద్దగా ఏం లేదు, సీజన్ మొదలయ్యేముందే వాలంటీర్లు ఎవరో తేల్చి, స్కోర్‌షీట్ కాపీ ఇవ్వమని కోచ్‌కి చెప్తే చాలు.

మీకు కూడా రెండు విన్నపాలు సార్. స్కూల్ టీమ్ ఫోటో మీ పేపర్లో వేసినప్పుడు కింద ఎడమ నుంచి కుడికి పిల్లలందరి పేర్లూ వెయ్యండి, రెండు లైన్లు ఎక్కువ పడుతుందేమో, అవసరమైతే కప్పులిచ్చిన పెద్దల పేర్లలో ఒకటి తగ్గించండి, వాళ్ల ఫోటోలు ఇంకెన్నోసార్లు వస్తాయి, ఆ పిల్లల్లో చాలామందికి పేపర్లో పేరు రావడం అదే మొదటిసారి. రెండోది, మీ స్పోర్ట్స్ ఫోటోగ్రాఫర్ గారు ఎవరైనా సీజన్ మొదట్లో ఒక ఆదివారం రెండు గంటలు కేటాయించి, ఇలా స్కూల్ టీమ్‌లకి ఫోటోలు తీసే పేరెంట్స్‌కి ఎక్కడ నిలబడాలి, ఎలా తియ్యాలి అనేది చూపిస్తే ఎంతో మేలు చేసినవాళ్లవుతారు. అలాంటిది పెడితే మొదట పేరిచ్చేది నేనే.

మా కొత్త సీజన్ ప్రాక్టీస్ మొదలైంది. ఈసారి టీమ్‌లోకి కొత్తగా ఐదుగురు పిల్లలొచ్చారు, వంటింటి గోడ మీద కాగితం మార్చి వాళ్ల పేర్లు కూడా రాశా, మొదటి వారానికే ఒక్కొక్కరి పేరు పక్కన రెండేసి టిక్కులు పడ్డాయి.

ఇట్లు,
ఒక వాలీబాల్ ప్లేయర్ తల్లి